కరకర ఎండలోనే వస్తుంది

చల్ల మిరపకాయ నూనెలో ఉండేది అర నిమిషం. ఆ అర నిమిషం కోసం ముందు దాదాపు పది రోజుల పని జరగాలి. పప్పుచారు పక్కన పెట్టిన మిరపకాయ కొరకగానే పటపటమని విరిగితే, వేయించినవాళ్ల చేతివాటం గొప్పదంటాం. తోలులా సాగితే నూనెను తిట్టుకుంటాం, మంట పెంచుతాం, మరికాసేపు ఉంచుతాం. అప్పుడది మాడుతుంది కానీ కరకరలాడదు. పది రోజుల్లో జరగాల్సిన పని జరగకపోతే ఆ లోటును అర నిమిషంలో పూడ్చడం ఎవరివల్లా కాదు.

చల్ల మిరపకాయలు ఇంట్లో ఎలా చేసుకోవాలో ఈ అధ్యాయంలో మొదటి నుంచి చివరి దాకా నేర్చుకుందాం. దాంతోపాటు ఏ పనికైనా పనికొచ్చే ఒక సూత్రం కూడా చేతికి వస్తుంది. అందరికీ కనబడే చివరి మెట్టు బాగుండాలంటే, ఎవరూ చూడని మొదటి మెట్లు గట్టిగా ఉండాలి.

నవీపేట్ ఎండ నేర్పే పని

నిజామాబాద్ నుంచి బాసర వెళ్లే దారిలో ఉంది నవీపేట్. శనివారం మేకల సంతకు పేరున్న ఊరు. చుట్టూ ఆర్మూర్ దాకా, ఆ పైన కూడా పసుపు పండించే పల్లెలే. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుతారు. తవ్విన పసుపును ఉడకబెట్టి కల్లంలో పరుస్తారు. పది, పదిహేను రోజులు ఎండితే తప్ప అది మార్కెట్‌కు పోదు. కొమ్ములో తేమ నూటికి పది పాళ్లకు దిగాలి. కొనేవాళ్లు కొమ్మును విరిచి చూస్తారు. ఖణేలుమని విరిగితే ఒక ధర, వంగితే ఇంకో ధర. ఏడాది పొడవునా పడిన కష్టానికి ఎంత వస్తుందో ఆఖరుకు ఆ పది, పదిహేను రోజుల ఎండే తేలుస్తుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పంటను శుభ్రంగా ఉడికించి, ఎండబెట్టి, మంచి సరుకుగా మార్చడం ఇవాళ అక్కడ పెద్ద చర్చనీయాంశం.

కల్లాలు ఖాళీ అయ్యే రోజులకు దాబాల మీద ఇంటి పని మొదలవుతుంది. వడియాలు, ఒరుగులు, చల్ల మిరపకాయలు అన్నీ ఆ ఎండకే. మే నెలలో నిజామాబాద్ జిల్లా ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలు. పసుపుకు ఏ న్యాయమో మిరపకాయకూ అదే న్యాయం. పైకి ఎండితే సరిపోదు, నడిమి దాకా ఎండాలి.

మార్చి మధ్య నుంచి మే ఆఖరులోపు ఈ పని పెట్టుకోండి. జూన్ మొదటి వారం దాటితే మిరుగు (మృగశిర కార్తె) వచ్చేస్తుంది. ఒక్కరోజు మబ్బు పట్టినా సగం ఎండిన కాయ మీద బూజు పడుతుంది. మొదలుపెట్టే ముందు క్యాలెండర్ చూసుకుని, పది రోజులు ఊళ్లోనే ఉంటామని తేల్చుకోండి. నడుమ పెళ్లికో ప్రయాణానికో వెళ్లాల్సి ఉంటే తర్వాతి వారానికి జరపండి. ఈ పనిలో మొదటి క్రమశిక్షణ ఇదే.

కావలసినవి

పచ్చిమిరపకాయలు 1 కిలో. మరీ సన్నవి, మరీ కారమైనవి వద్దు. లేత ఆకుపచ్చగా, కాస్త పొట్టిగా, కండ ఉన్నవి ఏరుకోండి. తొడిమలు ఉంచండి. ముడతలు పడ్డవి, మచ్చలున్నవి పక్కన పెట్టండి.

బాగా పులిసిన చిక్కటి చల్ల, కాయలు మునిగేంత, అంటే సుమారు లీటరున్నర. దొడ్డుప్పు 120 గ్రాములు. పసుపు ఒక చిన్న చెంచా. ఓమ లేదా జీలకర్ర ఒక చెంచా, దంచి వేయాలి.

పాత్ర గాజుదో, పింగాణీదో, స్టీలుదో కావాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పనికిరావు. చల్ల పులుపుకు ఆ లోహం తినే పదార్థంలోకి దిగుతుంది.

ఉప్పు తగ్గిస్తే ఆరోగ్యమని కొందరు సగం వేస్తారు. ఊరబెట్టే దగ్గర ఆ పని చేయకండి. ఈ కొలతలో ఉప్పు నూటికి ఐదు పాళ్ల దరిదాపుల్లో ఉంటుంది. చల్లను పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు ఆ ఉప్పును తట్టుకుంటాయి, కాయను కుళ్లబెట్టేవి చాలావరకు తట్టుకోలేవు. ఉప్పు తగ్గించాల్సింది తినే దగ్గర. అది తర్వాత చెప్పుకుందాం.

మొదటి పని: ఊరబెట్టడం

కాయలను కడిగి, బట్ట మీద పరిచి, తడి పూర్తిగా ఆరనివ్వండి. ఒక్కో కాయకు పొట్ట దగ్గర నిలువుగా ఒక గాటు పెట్టండి. తల దగ్గర, కొన దగ్గర అతుక్కునే ఉండాలి. రెండు ముక్కలైతే వేయించేటప్పుడు గింజలన్నీ నూనెలోకి రాలి మాడిపోతాయి. గాటు లేకపోతే చల్ల లోపలికి దిగదు, లోపలి నీరు బయటికి రాదు. పైగా వేడి నూనెలో కాయ పేలే ప్రమాదం ఉంది.

మిరపకాయ కారం ఎక్కువగా ఉండేది గింజలో కాదు, గింజలను పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో. పిల్లలు కూడా తినాలనుకుంటే గాటులోంచి ఆ ఈనెను కొంత గీకి తీసేయండి. చేతులకు తొడుగులు వేసుకుంటే మంచిది. కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులు మండితే ముందు కొంచెం వంటనూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోండి.

చల్లలో ఉప్పు, పసుపు, ఓమ కలిపి కాయలను ముంచండి. పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించి, పలుచటి బట్ట కట్టి, రెండు రాత్రులు, నడిమి పగలు కదలకుండా ఉంచండి. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. చల్ల పులుపు లోపలికి దిగుతుంది. పాలలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తు కారాన్ని పట్టుకుని దాని మంట తగ్గిస్తుంది. అందుకే ఊరిన మిరపకాయ కారం నాలుకను కాల్చదు, రుచిగా నిలుస్తుంది.

రెండో పని: ఎండబెట్టడం

మూడో రోజు ఉదయం కాయలను చిల్లుల గిన్నెలోకి వడకట్టండి. చల్లను పారబోయకండి. కాయలను శుభ్రమైన బట్ట మీదో, చాటల్లోనో, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. పైన పలుచటి వల లాంటి బట్ట కప్పితే ఈగలు, దుమ్ము చేరవు. మధ్యాహ్నం ఒకసారి తిప్పండి. పొద్దు వాలకముందే తీసి, మళ్లీ అదే చల్లలో వేయండి.

మరుసటి రోజూ ఇదే వరస. పగలు ఎండ, రాత్రి చల్ల. మూడు నాలుగు రోజుల్లో గిన్నెలో చల్ల దాదాపు ఇంకిపోతుంది. ఆకుపచ్చ రంగు పోయి కాయ పాలిపోయినట్టు అవుతుంది. అక్కడి నుంచి చల్ల మాట లేదు, ఎండే. మరో నాలుగైదు రోజులు గట్టిగా ఎండాలి. రాత్రి ఇంట్లోకి తెచ్చి బట్ట కప్పి ఉంచండి. ఆరుబయట వదిలేస్తే పగలంతా పోయిన తేమ తెల్లవారేసరికి మంచు రూపంలో తిరిగి వస్తుంది.

పచ్చిమిరపకాయ బరువులో 85 శాతానికి పైగా నీరే. ఆ నీరంతా పోవాలంటే ఎండకు టైమివ్వాలి. మొదట పై తోలు ఎండుతుంది, లోపలి కండ తడిగానే ఉంటుంది. రాత్రి కాయలు ఒకచోట కుప్పగా ఉన్నప్పుడు లోపలి తేమ మెల్లగా పైకి వస్తుంది. మర్నాడు ఎండ దాన్ని తీసుకుపోతుంది. రాత్రి విశ్రాంతి కూడా పనిలో భాగమే. ఒకేరోజు మహా ఎండలో పడేసి ముగించాలనుకునేవారికి పైన గట్టిగా, లోపల మెత్తగా ఉన్న కాయలు మిగులుతాయి.

అపార్ట్‌మెంట్‌లో ఎండ తగలనివారు, డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవారు దిగులు పడక్కర్లేదు. ఊరిన కాయలను 60 డిగ్రీల ఓవెన్‌లో, తేమ బయటికి పోయేలా తలుపు కాస్త తెరిచి, పూర్తిగా ఎండేదాకా ఉంచవచ్చు. పది, పన్నెండు గంటలైనా పట్టొచ్చు. వేడి పెంచి తొందరపడితే ఎండవు, ఉడుకుతాయి.

మూడో పని: పరీక్షించడం

చాలామంది తప్పేది ఇక్కడే. కాయ తెల్లబడింది, గట్టిపడింది, చూడ్డానికి అయిపోయినట్టే ఉంది. జాడీలో పోసేస్తే ఇవాళ్టితో పని తీరుతుంది. అలాంటప్పుడు నవీపేట్ చుట్టుపక్కల ఊళ్లల్లో అత్తాకోడళ్ల మధ్య మాట ఇలా సాగుతుంది.

"అత్తమ్మా, ఎండినయి గదా, జాడీల పోయనా?"

"ఒక్కటి తీసి చెవి కాడ ఊపు బిడ్డా. గింజ గలగలమంటున్నదా?"

"కొన్ని అంటున్నయి, కొన్ని అంటలేవు."

"అనంది ఎండనట్టే. ఇంకో రెండెండలు పడనియ్యి. ఇయ్యాల తొందరపడితే ఆనకాలంల అన్నీ బూజు పడతయి."

ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ఊపితే గింజ లోపల గలగలమనాలి. వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. విరిచినచోట వేలితో నొక్కితే ఎక్కడా మెత్తదనం తగలకూడదు. పైపైన ఉన్నవి కాకుండా, కుప్ప అడుగు నుంచి, నాలుగు మూలల నుంచి, లావుపాటివి ఏరి చూడండి. మన పనిని మనం పరీక్షించుకునేటప్పుడు బాగా వచ్చినదాన్నే చేతిలోకి తీసుకునే అలవాటు అందరికీ ఉంటుంది. లోపం ఎక్కడ ఉండే అవకాశముందో అక్కడే చెయ్యి పెట్టాలి. పరీక్ష రాసే విద్యార్థికైనా, దుకాణం లెక్క చూసుకునే వ్యాపారికైనా ఇదే వర్తిస్తుంది.

పరీక్షలో నెగ్గినవాటిని నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, తడిలేని గాజు సీసాలోకి ఎత్తి మూత బిగించండి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి, పడిన కష్టం వృథా అవుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో ఎండ వచ్చిన రోజు ఒకసారి బయట పెట్టండి. ఎక్కడైనా బూజు కనబడితే దులిపి దాచుకోవద్దు. ఆ సీసాలో ఉన్నదంతా పారేయండి. కొన్ని బూజుల విషం వేయించినా పోదు.

నాలుగో పని: వేయించడం

ఇంత చేశాక వేయించడం తేలిక. లోతైన చిన్న కడాయిలో పల్లి నూనె పోసి, మధ్యస్థంగా కాగనివ్వండి. 160 నుంచి 170 డిగ్రీలు చాలు. థర్మామీటర్ లేకపోతే ఒక కాయ వేసి చూడండి. అడుక్కి వెళ్లి, చుట్టూ సన్నటి బుడగలతో వెంటనే పైకి తేలితే నూనె సిద్ధం. అడుగునే కూర్చుంటే కాగలేదు. వేసీవేయగానే నల్లబడితే మరీ కాగింది, మంట తగ్గించి కాసేపు ఆగండి.

నాలుగైదు కంటే ఎక్కువ వేయకండి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడుతుంది. చిల్లుల గంటెతో ఒకసారి తిప్పండి. మిగిలిన కొద్ది తేమ ఆవిరై కాయను ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బులోనే కరకర ఉంది. చల్లలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసి ఎరుపు తిరుగుతాయి. రొట్టె కాలినప్పుడు, జీడిపప్పు వేగినప్పుడు వచ్చే కమ్మటి వాసన కూడా ఈ చర్య వల్లే. ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కమీయ్ మెయ్యార్ 1912లో దీన్ని వివరించాడు.

ఇరవై, ముప్పై సెకన్లలో ముదురు ఎరుపు వస్తుంది. మీకు కావలసిన రంగు కంటే ఒక పిసరు తక్కువగా ఉన్నప్పుడే తీసేయండి. బయటికి తీశాక కూడా లోపలి వేడికి అది ఇంకా వేగుతూనే ఉంటుంది. జాలి మీద వేసి రెండు నిమిషాలు వదలండి. చల్లారే కొద్దీ గట్టిపడుతుంది. వేడి మీద మూత పెట్టకండి. న్యూస్‌పేపర్ మీద వేయకండి, దాని సిరా తిండిలోకి చేరుతుంది. కిటికీ తెరిచి ఉంచండి. కారం ఘాటుకు దగ్గొస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు వంటింట్లో లేకుండా చూసుకోండి.

ఎక్కడ చెడిందో తెలుసుకోండి

చెడినప్పుడు నిందించుకోవడం వల్ల లాభం లేదు. ఏ మెట్టు దగ్గర చెడిందో పట్టుకుంటే వచ్చేసారి సరిచేసుకోవచ్చు.

తోలులా సాగుతోందా? ఎండ చాలలేదు. మిగిలిన కాయలను మళ్లీ రెండు రోజులు ఎండబెట్టండి, చాలావరకు బాగవుతాయి.

నూనె చిట్లి మీద పడుతోందా? కాయలో తేమ ఉంది. వేయించడం ఆపేయండి.

నూనె పీల్చుకుని జిడ్డుగా ఉందా? నూనె కాగకముందే వేశారు, లేదా ఒకేసారి ఎక్కువ వేశారు.

చేదుగా ఉందా? మాడింది. ముందే తీయాలి.

పైన నల్లగా, లోపల పచ్చిగా ఉందా? మంట ఎక్కువైంది.

వేయించినప్పుడు బాగున్నది గంటకే మెత్తబడిందా? గాలి తగిలింది. తినేముందే వేయించుకోవాలి.

ఆట్కిన్స్ ఊళ్లోనూ ఇదే సూత్రం

ఊరబెట్టినదాన్ని వేయించుకు తినే రుచి మనకొక్కరికే తెలిసింది కాదు. తమిళులు మోర్ మిళగాయ్ అంటారు, కన్నడిగులు మజ్జిగె మెణసినకాయి అంటారు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఆట్కిన్స్ అనే చిన్న ఊళ్లో దోసకాయ ఊరగాయల ఫ్యాక్టరీ ఉండేది. దాని ఎదుట ఒక చిన్న హోటల్ నడిపిన బెర్నెల్ ఆస్టిన్ 1963లో ఆ ఊరగాయ ముక్కలను పిండిలో ముంచి వేయించి అమ్మాడు. ఆ తర్వాత అది అమెరికా దక్షిణ రాష్ట్రాలంతటా ఇష్టమైన చిరుతిండి అయింది.

మన కీరదోసకాయతో దాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. కీరను అర సెంటీమీటరు మందం చక్రాలుగా కోసి, 5 శాతం ఉప్పునీటిలో మూడు నాలుగు రోజులు మునిగేలా ఊరనివ్వండి. తీసి బట్టలో వేసి, రెండు వైపులా గట్టిగా అద్ది తడి తీసేయండి. మొదట పొడి బియ్యప్పిండిలో దొర్లించి, తర్వాత సెనగపిండి, బియ్యప్పిండి కలిపిన చిక్కటి జారులో ముంచి, 180 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించండి. జారులో ఉప్పు వేయకండి, ముక్కలోనే కావలసినంత ఉంటుంది.

ఇక్కడ ఎండబెట్టడం లేదు కాబట్టి కరకర పైపొరలో మాత్రమే ఉంటుంది, పావుగంట దాటితే మెత్తబడుతుంది. చల్ల మిరపకాయ ఎండిన సరుకు, సీసాలో నెలల తరబడి నిలుస్తుంది. రెండింటికీ మూలం మాత్రం ఒకటే. తడిని నూనెలోకి తీసుకెళ్లకూడదు. అమెరికా ఇంట్లో బట్టతో అద్దే ఆ ఒక్క నిమిషం వదిలేస్తే పిండి ముక్కను వదిలి నూనెలో తేలుతుంది. నవీపేట్ దాబా మీద రెండెండలు వదిలేస్తే కాయ తోలవుతుంది.

ఎంత తినాలి

రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలూ అదే అంటున్నాయి. మన కొలతలో కిలో కాయలకు 120 గ్రాముల ఉప్పు పడింది. మధ్యరకం కాయలు కిలోకు సుమారు 150 నుంచి 200 తూగుతాయనుకుంటే ఒక్కో కాయలో అర గ్రాముకు పైనే ఉప్పుంటుంది. రెండు తింటే రోజు ఉప్పులో ఐదో వంతుకు పైనే అక్కడే అయిపోయినట్టు. కాబట్టి పెరుగన్నంలోకో, ముద్దపప్పులోకో ఒకటి, మహా అయితే రెండు. ఆ పూట అన్నంలో, చారులో ఉప్పు తగ్గించండి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవారు డాక్టరును అడిగాకే తినండి. వేయించిన నూనెను పదేపదే కాచవద్దు. కారం దిగిన ఆ నూనెను మరుసటి రోజు కూర పోపులో వాడి ముగించేయండి.

మీరు చేయవలసినది

ఈ అధ్యాయం చదివి పక్కన పెడితే ప్రయోజనం లేదు. మొదటిసారి పావుకిలో కాయలతో మొదలుపెట్టండి. ఉప్పు 30 గ్రాములు, చల్ల మునిగేంత. ఒక కాగితం మీద రోజులు వేసుకుని, పొద్దున పరిచింది, సాయంత్రం తీసింది గుర్తు పెట్టండి. రోజుకు అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు. ఇంట్లో పిల్లలుంటే మధ్యాహ్నం తిప్పే పని వాళ్లకు అప్పగించండి. ఇవాళ చేసిన పని ఫలితం పది రోజుల తర్వాత వస్తుందని పిల్లలు పుస్తకంలో చదివితే మరిచిపోతారు. తమ చేత్తో తిప్పిన మిరపకాయ పళ్లెంలోకి వస్తే మరిచిపోరు.

తర్వాత మీ సొంత పనుల్లోకి ఒకసారి చూడండి. చివరి అర నిమిషంలో మంట పెంచి గట్టెక్కాలనుకుంటున్న పని ఏదైనా ఉందా? ఇంటర్వ్యూ ముందు రాత్రి మాత్రమే తెరిచే పుస్తకం, పెళ్లి దగ్గరపడ్డాక మొదలెట్టే పొదుపు, డాక్టరు హెచ్చరించాక మొదలయ్యే నడక. వాటికి ఏ ఎండ చాలలేదో మీకే తెలుస్తుంది. ఆ ఎండ ఇవాళ్టి నుంచి ఇవ్వడం మొదలుపెట్టండి. గింజ గలగలమనేదాకా జాడీ మూత పెట్టకండి.